అప్పకూ అమ్మకూ నడుమ నలభై రోజులు

మొదటి రోజు

విశాఖపట్నంలో విమానం దిగిన వెంటనే కారు మాట్లాడుకుంటే రెండు మూడు గంటల్లో శ్రీకాకుళం చేరిపోవచ్చునని తెలిసినా, పట్టుబట్టి రైలే ఎక్కాను. విజయనగరం దాటాక చీపురుపల్లి, పొందూరు, దూసి అంటూ పసుపుపచ్చ పలకల మీద ఒక్కొక్క పేరూ ఎదురొస్తే తప్ప ఇంటికి వస్తున్నట్టు నాకు అనిపించదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది శ్రీకాకుళంలో కాదు, ఆమదాలవలసలో. అక్కడ దిగి మళ్ళీ ఆటోలో పట్నానికి రావాలి. చిన్నప్పుడు ఆ దూరం గురించి విసుక్కునేదాన్ని గాని, ఈసారి ఆ అరగంట నాకు అవసరమే అయింది. దూసి దాటి రైలు నాగావళి వంతెన మీదికి వచ్చేసరికే అరచేతులకు చెమట పట్టి, సంచిలోని కాగితాల కట్టను నాలుగోసారి తడిమి చూసుకుంటున్నాను.

నేను పుట్టింది పొందూరు దగ్గరి ఒక పల్లెలో. ఉద్యోగరీత్యా పంతొమ్మిదేళ్ళుగా అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉంటున్నాను, ఏడేళ్ళ కిందట అక్కడి పౌరసత్వం తీసుకున్నాను, పెళ్ళి చేసుకోలేదు. అందుచేత నేను పెంచుకోబోయే పాప నా సొంత జిల్లాలో పెరుగుతున్నదే అయినా, చట్టం లెక్కలో ఇది ఒక దేశం నుంచి మరొక దేశానికి జరిగే దత్తత, నేను విదేశీయురాలిని. ఇటువంటి దత్తతలకు పునాది 1993 మే 29న కుదిరిన హేగ్ ఒడంబడిక. దాన్ని భారతదేశం 2003లో ఆమోదించింది, అమెరికాలో అది 2008 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. ఇక్కడి వ్యవహారమంతా 2015 నాటి బాలల న్యాయ చట్టం, 2022 నాటి దత్తత నిబంధనల ప్రకారం ఢిల్లీలోని కేంద్ర దత్తత వనరుల సంస్థ ద్వారా నడుస్తుంది. ఆ సంస్థను అందరూ 'కారా' అనే అంటారు. అక్కడ ఒహాయోలో నా ఇల్లు, జీతం, ఆరోగ్యం, స్నేహితులు, చివరికి కోపం వస్తే నేనేం చేస్తానన్నది కూడా ఆరా తీసి ఒక నివేదిక రాశారు. అక్కడ మొదలుపెట్టి కారా నిరభ్యంతర పత్రం చేతికి రావడానికి రెండున్నరేళ్ళు పట్టింది.

దరఖాస్తు చేసేనాటికి నాకు 41 ఏళ్ళు. రెండేళ్ళలోపు బిడ్డను కోరే ఒంటరి వ్యక్తి వయసు 40 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ళ బిడ్డకైతే 45 దాకా అవకాశం ఉంది. ఒక్క ఏడాది తేడాతో పొత్తిళ్ళలోని బిడ్డ మీద ఆశ వదులుకున్నాను. ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు, స్త్రీకి ఆ అడ్డు లేదు. దత్తతకు అర్హత ఉన్నదని ప్రకటించిన బిడ్డను 60 రోజులలో దేశంలోని వారు గాని, ప్రవాస భారతీయులు గాని తీసుకోకపోతేనే విదేశాలకు పంపే మాట వస్తుంది. అందులోనూ భారతీయ మూలాలు ఉన్నవారికి ప్రాధాన్యం ఇస్తారు. నాకు పంపిన వివరాల్లో పాప వయసు ఇరవై నాలుగు నెలలు, జిల్లా శ్రీకాకుళం, ఆరోగ్యం అన్నచోట ఒక్క మాట: గ్రహణమొర్రి. ఆ అరవై రోజుల్లో ఎంతమంది ఆ మాట దగ్గర ఆగి వెనక్కి తిరిగారో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

పిన్ని ఇల్లు ఏడు రోడ్ల కూడలికి దగ్గర. గుమ్మంలోనే నిలబెట్టి, "ఏటే, ఇలగ చిక్కిపోనావు" అని నా చేతిలోని పెట్టె లాక్కుంది. లోపలికి వెళ్ళాక పాప ఊసు ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

రెండో రోజు

రథసప్తమి. అరసవల్లికి పోయే దారులన్నీ జనమే. పాప ఉంటున్న శిశుగృహకు రేపు రమ్మన్నారు కాబట్టి ఈ రోజంతా ఇంట్లోనే గడిపాను. తెల్లవారకముందే పిన్ని నా నెత్తిన ఏడు జిల్లేడు ఆకులూ, రేగుపళ్ళూ పెట్టి స్నానం చేయించింది. పెరట్లో పిడకల మీద పాలు పొంగించి పరమాన్నం వండింది. చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం చేసింది. ఆ రథం చేస్తూనే అసలు మాట బయటపెట్టింది.

"మన పెద్దోడి మూడో గుంటని పెంచుకోకూడదేటే? మన రగతమే కదా. పంతుల్ని పిలిచి హోమం చేయిస్తే ఒక్క పూటలో అయిపోతాది."

పిన్ని మాటలో న్యాయం లేకపోలేదు. 1956 నాటి హిందూ దత్తత చట్టం పెళ్ళికాని స్త్రీకి కూడా దత్తత తీసుకునే హక్కు ఇచ్చింది. అయితే హోమం చేసి దత్తత పత్రం రాయించుకున్నంత మాత్రాన బిడ్డను దేశం దాటించడానికి వీలుండదు. బంధువుల బిడ్డకైనా కారా అనుమతి, ఆ దేశపు అనుమతి రెండూ కావాలి. నేను ఇవన్నీ చెబుతుంటే పిన్ని చిక్కుడుకాయ వంకే చూస్తూ, కాసేపాగి, "మరి ఆ గుంటకి మొర్రంట కదా. గ్రహణం నాడు తల్లి ఏటో కోసుంటాది" అంది. తల్లి ఏమీ కోయలేదనీ, కడుపులో పడ్డ నాలుగు నుంచి ఏడు వారాల మధ్య రెండు వైపుల నుంచి వచ్చి కలవవలసిన పెదవి కలవకపోతే మొర్రి అవుతుందనీ, వంశం, తల్లి పోషణ, వాడిన మందులు వంటి ఎన్నో కారణాలు కలిసి పనిచేస్తాయనీ, సుమారు 700 కాన్పులలో ఒక బిడ్డకు ఇలా జరుగుతుందనీ చెప్పాను. ఆమె ఊ కొట్టలేదు.

ఆ సాయంత్రం వచ్చిన పక్కింటావిడ మాత్రం సూటిగానే, ఎంతకు కొన్నానని అడిగింది. విదేశీ దత్తతకు బిడ్డ సంరక్షణ నిమిత్తం సంస్థకు రసీదు మీద కట్టవలసింది 5,000 డాలర్లనీ, దానికి బయట ఎవరి చేతిలో రూపాయి పెట్టినా బిడ్డను కొన్నట్టేననీ, కొన్నా అమ్మినా అయిదేళ్ళ దాకా కఠిన కారాగారం ఉందనీ చెప్పాను. అయిదు వేల డాలర్లను రూపాయల్లోకి మార్చుకుంటూ ఆవిడ వెళ్ళిపోయింది.

మూడో రోజు

పాప పేరు ఇక్కడ రాయను. ఆమె శిశుగృహకు ఎలా వచ్చిందో కూడా రాయను. ఆ కథ ఆమెది, పెద్దయ్యాక చెప్పుకోవాలనిపిస్తే ఆమే చెప్పుకుంటుంది.

ఫొటోలు ఎన్నో చూశాను గాని, ఫొటోలో పాప ఒక్కర్తే ఉండేది. ఎదురుగా చూసినప్పుడు ఆమె ఒక్కర్తే కాదు. యాభై ఏళ్ళ ఆయా చంకలో, ఆమె జాకెట్టు చేతిని గుప్పిట పట్టుకుని, తల ఆమె మెడ కింద దూర్చి ఉంది. పై పెదవి మీద ముక్కు ఎడమ రంధ్రం దాకా సన్నని తెల్లని గీత. ఆ వైపు ముక్కు కొంచెం అణిగి ఉంటుంది. నేను తెచ్చిన మెత్తటి ఏనుగు బొమ్మను చూసింది గాని చెయ్యి చాపలేదు. "రా నాన్నా, ఇలా కూర్చో" అన్నాను. ఏ భావమూ లేకుండా నా నోటి వంక చూసింది. తరువాత ఆయా ముఖం రెండు చేతులతో తన వైపు తిప్పుకుని, స్పష్టంగా, గట్టిగా, "అమ్మ" అంది.

ఆయా తలదించుకుంది. పక్కనున్న ఉద్యోగిని ఏవో కాగితాలు సర్దుకుంది. ఈ క్షణం రావచ్చునని శిక్షణ తరగతుల్లో చెప్పారు, నేను రాసుకున్నాను కూడా. కాగితం మీద రాసుకున్న విషయం గుండెల్లో ఎక్కడ తగులుతుందో మాత్రం అక్కడ ఎవరూ చెప్పలేదు. అరగంట కూర్చుని వచ్చేశాను.

నాలుగో రోజు

ఆయాను పక్కకు పిలిచి, పాప ఆమెను అమ్మా అని పిలవడం నాకు కష్టంగా లేదని అబద్ధం చెప్పబోయాను. ఆమె నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు.

"అమ్మ కాదమ్మా, అప్ప. ఇక్కడ పిల్లలందరూ నన్ను అప్పే అంటారు. దానికి 'ప' పలకదు కదా, 'మ' అయిపోతాది."

మా ప్రాంతంలో అక్కను అప్ప అంటారు. నేను కూడా మా పెద్దమ్మ కూతుళ్ళను అప్పా అని పిలుస్తూ పెరిగినదాన్నే. అయినా ఆ మాట నాకు తట్టలేదు. దీని వెనకనున్న సంగతిని ఒహాయోలో వైద్యురాలు బొమ్మ గీసి చెప్పింది. ప, బ, త, ద, క, గ వంటి అక్షరాలు పలకాలంటే నోట్లో గాలిని బిగబట్టి వదలాలి. అంగిలి చీలి ఉన్న బిడ్డకు ఆ గాలి ముక్కులోకి జారిపోతుంది. మ, న అక్షరాలు మాత్రం సహజంగానే ముక్కు గుండా పలికేవి కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. పాపకు పెదవి ఆరో నెలలో కుట్టారు, బరువు చాలక అంగిలి శస్త్రచికిత్స కాస్త ఆలస్యమై ఇరవయ్యో నెలలో జరిగింది. అంగిలి మూసుకున్నా నాలుకకు పాత అలవాటు పోదు. దానికి మాటల శిక్షణ కొన్నేళ్ళు కావాలి. అంటే ఈ పిల్ల నోట అప్ప అన్నా అమ్మ అన్నా వినబడేది ఒక్కటే. ఎవరిని ఏమని పిలిచిందో పిల్లకు తెలియాలి.

నాకు నవ్వు వచ్చింది. ఆయా కూడా నవ్వింది. పాప మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏనుగు తొండం పట్టుకుని లాగింది.

అయిదు నుంచి తొమ్మిదో రోజు దాకా

ఈ అయిదు రోజులూ నేను విద్యార్థిని, ఆయా గురువు. పాలు, జావ ఏవైనా వీపు నిటారుగా ఉంచి పట్టాలి. "కూకోబెట్టే పట్టాలమ్మా. తొంగోబెట్టి పడితే ముక్కులోంచి వచ్చీస్తాది" అని మొదటి రోజే హెచ్చరించింది. చోడి జావ అంటే పాపకు ప్రాణం. చోళ్ళు అంటే రాగులే, మా జిల్లాలో ఆ పేరుతోనే బతుకుతాయి. జావలో బెల్లం ఎక్కువైతే ఉమ్మేస్తుంది. నిద్రకు ముందు కుడి చెవి తమ్మె నిమరాలి, ఎడమ చెవి ముట్టుకోనివ్వదు.

అన్నిటికంటె కష్టమైన పాఠం మాటలది. నేను "కూర్చో" అంటే పాప నిలబడే ఉంటుంది. ఆయా "కూకో" అంటే కూర్చుంటుంది. నేను "పడుకో" అంటే నా వంక చూస్తుంది. ఆయా "తొంగో తల్లీ" అంటే కళ్ళు మూసుకుంటుంది. కూకో, తొంగో, బువ్వ, ఏటి: ఈ మాటలన్నీ ఒకప్పుడు నావే. ఇంటర్మీడియట్‌కు హైదరాబాదు వసతిగృహంలో చేరినప్పుడు నేను "తొంగుంటాను" అంటే గదిలోని అమ్మాయిలు పడి పడి నవ్వారు. ఏడాది తిరిగేలోపు ఆ యాసను ఒక్క ముక్క మిగలకుండా నాలుక మీద నుంచి గీకేసుకున్నాను, అలా గీకేసుకున్నందుకు గర్వపడ్డాను కూడా. ఇప్పుడు నలభై మూడేళ్ళ వయసులో ఒక ఆయా ఎదుట కూర్చుని "తొంగో" అనడం సాధన చేస్తున్నాను. మొదట్లో అది నాటకంలో వేషంలా వినిపించి నాకే సిగ్గేసింది; పాప కూడా నమ్మలేదు.

పదో రోజు

నిరభ్యంతర పత్రం ఉన్నది కాబట్టి, కలెక్టరు ఉత్తర్వు వచ్చేదాకా పాపను నా సంరక్షణలో ఉంచారు. ఉదయం పదకొండు గంటలకు సంతకాలు చేసి ఇంటికి తెచ్చుకున్నాను. పగలంతా బాగానే గడిచింది. పిన్ని పెరట్లో కోడిని చూపిస్తే పాప దాని వెంట తిరిగింది, చోడి జావ తాగింది, నా వేలు పట్టుకుని మెట్లెక్కింది. ఇంత సులువా అనుకున్నాను.

రాత్రి ఏడున్నరకు మొదలైంది. గుమ్మం వైపు తిరిగి కూర్చుని, మొదట మామూలుగా, తరువాత ప్రశ్నలా, తరువాత ఇంకెవరికీ అర్థం కానక్కరలేని దుఃఖంతో "అమ్మ, అమ్మ" అని పిలిచింది. నేను దగ్గరకు వెళ్ళిన కొద్దీ వెనక్కి జరిగింది. ఆ పిలుపు నా కోసం కాదని ఎదుట కూర్చుని వినడం ఒక రకం శిక్ష; దాన్ని తప్పించుకోవాలనుకోవడం అంతకంటె పెద్ద తప్పు. ఆయా ముందుచూపుతో తన పాత చీర ఒకటి ఇచ్చి పంపింది. దాన్ని పక్క మీద పరిచాను. పాప చీర అంచు పట్టుకుని వాసన చూసి, మరింత గట్టిగా ఏడ్చింది. తొమ్మిదయింది, పది దాటింది. ఏడుపులో ఊపిరి తిరగక జావంతా కక్కుకుంది, అందులో కొంత ముక్కులోంచి వచ్చింది. నేను తుడుస్తూ "తొంగో తల్లీ" అంటున్నాను గాని నా గొంతు నాకే పరాయిగా ఉంది.

అప్పటిదాకా గుమ్మం పక్కన చాప మీద కూర్చున్న పిన్ని లేచింది. పొద్దుటి నుంచి ఆ పిల్లను ఒక్కసారైనా ఎత్తుకోని పిన్ని, చీరతో సహా పాపను భుజాన వేసుకుని, "ఏటి, ఏటయ్యింది, అప్ప లేదా? అప్ప రేపొస్తాది, తొంగో, తొంగో" అంటూ అటూ ఇటూ నడవసాగింది. ఆ యాస, ఆ ముసలి గొంతులోని బొంగురు, మాటకూ మాటకూ మధ్య విరామం అచ్చం ఆయావే. పాప ఏడుపు ఆపలేదు గాని తల ఎత్తి పిన్ని నోటిని చూసింది. ఎక్కడో విన్నదాన్ని పోల్చుకుంటున్నట్టు చూసింది. పదకొండున్నరకు భుజం మీదే నిద్రపోయింది. పిన్ని కూర్చోలేదు, కూర్చుంటే లేస్తుందేమోనని ఒంటిగంట దాకా గోడకు ఆనుకుని నిలబడే ఉంది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు.

రేపు అప్ప వస్తుందని పిన్ని చెప్పింది అబద్ధం కాకూడదని, పొద్దున్నే ఆయాకు ఫోను చేసి బతిమాలి రప్పించాను. తరువాత కూడా వారానికి రెండుసార్లు ఆమె వచ్చి వెళ్ళేలా ఏర్పాటు చేసుకున్నాం. చటుక్కున మాయమైపోయిన మనిషి కోసం బిడ్డ ఎన్నాళ్ళయినా వెతుకుతుంది. వస్తూ పోతూ, రావడం తగ్గించుకున్న మనిషిని వదులుకోవడం కొంచెం నేర్చుకుంటుంది.

పదహారో రోజు

కలెక్టరు కార్యాలయం. 2022 సెప్టెంబరుకు ముందు దత్తత ఉత్తర్వులు కోర్టు ఇచ్చేది; చట్ట సవరణ తరువాత ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు వచ్చింది. విచారణ తలుపులు మూసిన గదిలో జరుగుతుంది, బయటివారిని రానివ్వరు. జిల్లా బాలల సంరక్షణ అధికారి, శిశుగృహ ప్రతినిధి, నేను, నా ఒడిలో నిద్రపోతున్న పాప. కలెక్టరు అడిగిన ప్రశ్నలు ఎక్కువ లేవు. మీకేదైనా జరిగితే బిడ్డను ఎవరు చూస్తారు అన్నది మాత్రం రెండు విధాలుగా అడిగారు. ఒంటరి తల్లిదండ్రులు దగ్గరి బంధువు నుంచి హామీ పత్రం ఇవ్వాలన్నది నియమం. నా తమ్ముడు రాసిచ్చిన పత్రం చూపించాను. ఆ తరువాత నాలుగో రోజున ఉత్తర్వు చేతికి వచ్చింది. తల్లి పేరు దగ్గర నా పేరు, తండ్రి పేరు దగ్గర ఒక అడ్డగీత.

ఇరవయ్యో రోజు నుంచి ముప్పయ్యో రోజు దాకా

ఆ అడ్డగీత పదకొండు రోజులు తినేసింది. ఉత్తర్వు ఉన్నది కాబట్టి దాన్ని బట్టి కొత్త జనన ధ్రువపత్రం ఇవ్వాలి. అది ఉంటేనే పాస్‌పోర్టు. ఏ కార్యాలయమో చెప్పను గాని, అక్కడి కంప్యూటరులో తండ్రి పేరు గడి ఖాళీగా ఉంటే తరువాతి పేజీ తెరుచుకోదట. గుమాస్తా చెడ్డవాడు కాదు, సాయం చెయ్యాలనే చూశాడు. "మీ నాన్నగారి పేరు వేసీమంటారా అమ్మా? పని అయిపోతాది" అన్నాడు. ఒక్క క్షణం ఆశపడ్డాను. తరువాత లెక్క చూసుకుంటే, మా నాన్న పేరు వేస్తే కాగితం మీద నా కూతురు నాకు చెల్లెలవుతుంది. ఈ పిల్ల నన్ను అమ్మా అని పిలిచినా అప్పా అని పిలిచినా తప్పు పట్టడానికి ఉండదు. ఇంటికి వచ్చి చెబితే పిన్ని పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది.

నవ్వు ఆరిపోయాక మళ్ళీ తిరగడం మొదలుపెట్టాను. ఒంటరి తల్లి ప్రమాణపత్రం ఇస్తే తండ్రి పేరు లేకుండానే బిడ్డకు జనన ధ్రువపత్రం ఇవ్వాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది; పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు చాలునని 2016 డిసెంబరులో విదేశాంగ శాఖ నిబంధన మార్చింది. ఈ రెండు కాగితాలూ అచ్చువేయించి ప్రతి బల్ల మీదా పెట్టాను. బల్ల వెనకనున్న వారెవరూ కాదనలేదు, పైవారిని అడగాలన్నారు. చివరికి ఒక పెద్ద అధికారి చూసి, గడిలో ఏం నింపాలో ఫోనులో చెప్పారు. అయిదు నిమిషాల పని. ఇటువంటి దారిలో నడవబోయే ఒంటరి తల్లులు నా మాట విని, ఈ రెండింటి నకళ్ళను మొదటి రోజు నుంచే సంచిలో ఉంచుకోవాలి.

ఈ నడుమ ఒక రోజు పాపను పొందూరు తీసుకువెళ్ళాను. మా ఇల్లు అమ్మేసి చాలా కాలమైంది, కాబట్టి చూపించడానికి ఇల్లు లేదు. ఖద్దరు వడికే ఒకావిడ ఇంటి అరుగు మీద కూర్చున్నాం. ఇక్కడ పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడతో దువ్వుతారు. వరసగా ఉన్న ఆ సన్నని పళ్ళ మధ్య నుంచి దూది పొగలా విడిపోయి వస్తుంది. పాప ఆ దవడను చేతిలోకి తీసుకుని, పళ్ళ మీద వేలు రాసి, తరువాత అదే వేలిని తన పై పెదవి మీది గీత వెంట రాసుకుంది. ఏమనుకుందో నేను ఊహించబోను. ఆవిడ మెల్లగా దవడ వెనక్కి తీసుకుని, చేతిలో చిటికెడు దూది పెట్టింది.

ముప్పయి అయిదో రోజు

మార్చి 9, ఆదివారం. ఏటా మార్చి 9, 10, 11 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2, 3 తేదీల్లోనూ అరసవల్లిలో ఉదయపు కిరణాలు గోపురం నుంచి సాగి లోపలి సూర్యనారాయణమూర్తిని తాకుతాయంటారు. పిన్ని మొక్కుకుంది. నాకు మొక్కుల మీద అంత పట్టు లేదు గాని, పదో రోజు రాత్రి గోడకు ఆనుకుని నిలబడిన మనిషి మొక్కుకు ఎదురు చెప్పేంత ధైర్యమూ లేదు. నాలుగు గంటలకే బయలుదేరాం. అప్పటికే వరుస చాలా దూరం సాగింది. కిరణాలు పడే వేళకు మేమింకా బయటే, ముందువారి వీపులు చూస్తూ ఉన్నాం. లోపల ఏం జరిగిందో జనం కేక మాత్రం వినబడింది.

మా వెనక నిలబడిన ఒకావిడ పాప ముఖంలోకి తొంగి చూసి, పిన్నిని "గ్రహణమొర్రా?" అని అడిగింది. నేను నోరు తెరిచే లోపల పిన్ని, "కుట్టీసినారు. అయిపోనాది" అని, పాపను ఆ భుజం మీద నుంచి ఈ భుజం మీదికి మార్చుకుంది. నాలుగు నుంచి ఏడు వారాల సంగతి ఆవిడకు చెప్పలేదు. అవసరం లేదనుకుంది కాబోలు.

ముప్పయి తొమ్మిదో రోజు

జనన ధ్రువపత్రం వచ్చాక మిగతావన్నీ తొందరగానే అయ్యాయి. దత్తత హేగ్ ఒడంబడిక ప్రకారమే జరిగిందని కారా ఇచ్చే ధ్రువపత్రం, విశాఖపట్నంలో పాస్‌పోర్టు. మా ఇద్దరి పాస్‌పోర్టులూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. పాపది భారతదేశానిది, నాది కాదు.

ఆయా దగ్గర సెలవు తీసుకోవడానికి వెళ్ళాం. ఆమె చీర కొంగు ముడి విప్పి ఒక చిన్న ఇత్తడి ఉగ్గుగిన్నె ఇచ్చింది. పెదవి కుట్టకముందు పాలు పట్టింది దానితోనే. ముక్కు దగ్గర కొంచెం సొట్ట పడి ఉంది. "మరి ఇది నాకెందుకు" అంది గాని, ఆమె చంకలో అప్పటికే ఇంకొక బిడ్డ ఉంది, నెలల పిల్ల, ఈ వారమే వచ్చిందట. పాప ఆ పసిదాన్ని చూసింది, ఆయాను చూసింది. "అమ్మ" అని చేతులు చాపింది. ఆయా రెండో చంకలోకి ఎత్తుకుని, ఇద్దరినీ మోస్తూ గది చివరిదాకా నడిచి, తిరిగి వచ్చి, పాపను నా చేతికి ఇచ్చింది. పసిదానికి పాల వేళయిందని వెళ్ళిపోయింది. స్టేషనుకు రానని ముందే చెప్పింది.

నలభయ్యో రోజు, తరువాత

పిన్ని ఆమదాలవలస దాకా వచ్చింది. రైలు కదిలేదాకా కిటికీ ఊచల మధ్య నుంచి పాప పాదం పట్టుకుని, నాతో మాత్రం జావలో బెల్లం సంగతే మాట్లాడింది.

ఢిల్లీ గురించి రాయవలసింది తక్కువ. అమెరికా రాయబార కార్యాలయం గుర్తించిన వైద్యుని పరీక్ష, ఆపైన వీసా. ఈ తరగతి వీసాతో వెళ్ళిన బిడ్డకు ఆ దేశంలో అడుగుపెట్టగానే పౌరసత్వం వస్తుంది. భారత పాస్‌పోర్టు అప్పగించి, నాలాగే ప్రవాస పౌర కార్డుకు దరఖాస్తు చేసుకోవలసి ఉంటుంది. రెండేళ్ళపాటు మా క్షేమసమాచారాల నివేదికలు కారాకు వెళ్తాయి, మొదటి ఏడాది మూడు నెలలకొకటి, రెండో ఏడాది ఆరు నెలలకొకటి. విమానాశ్రయంలో భారతీయులకు ఒక వరుస, విదేశీయులకు ఒక వరుస ఉంటే, ఎందులో నిలబడాలో తెలియక నేను మధ్యలో ఆగిపోయాను. అక్కడి ఉద్యోగి మా రెండు పాస్‌పోర్టులూ చూసి, ఏ వరుస ఖాళీగా ఉంటే అందులోకి పొమ్మన్నాడు.

విమానంలో దీపాలు ఆర్పేశాక ఆయా పాత చీరలో చుట్టి పడుకోబెట్టాను. కుడి చెవి తమ్మె నిమిరాను. రెండు గంటల తరువాత పాప కదిలి, చీకట్లో కళ్ళు తెరవకుండానే, "అమ్మ" అంది.

ఎవరిని పిలిచిందో నాకు తెలియదు.

"ఏటి తల్లీ" అన్నాను.

"నీన్ను" అంది. నీళ్ళు. లేపి, నిటారుగా కూకోబెట్టి, ఉగ్గుగిన్నెతో పట్టాను.